రాత్రి పన్నెండు దాటాక స్క్రిప్టు ఎందుకు మూగబోయింది? పెరుగుతున్న ఫైళ్లను గమనించడంలోని చిక్కుముళ్లు

కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒక సర్వర్ మీద మూడు లాగ్ ఫైళ్లను, అంటే ప్రోగ్రామ్‌లు జరిగిందల్లా లైన్లుగా రాసుకునే ఫైళ్లను, కనిపెట్టుకుని ఉండే చిన్న స్క్రిప్టు రాశాను. వెబ్ సర్వర్‌కు వచ్చే విన్నపాల లాగ్ ఒకటి, దాని తప్పుల లాగ్ ఒకటి, అప్లికేషన్ సొంతంగా రాసుకునే లాగ్ ఇంకొకటి. ఏ ఫైలు చివర ‘ఎర్రర్’ అన్న మాటతో కొత్త లైను చేరినా నా ఫోనుకు సందేశం రావాలి. మొదటి రోజంతా చక్కగా పనిచేసింది. మర్నాడు ఒక్క సందేశమూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. సర్వర్ ఆరోగ్యంగా ఉందనుకున్నాను. మూడో రోజు వాడుకరులు ఫోను చేసి చెబితే తెలిసింది, రెండు రోజులుగా తప్పులు వందల్లో పడుతున్నాయని.

స్క్రిప్టు ఆగిపోలేదు. నడుస్తున్న ప్రాసెస్‌ల (ప్రోగ్రామ్‌ల) జాబితాలో నిక్షేపంగా ఉంది. లైనక్స్‌లో ఏ ప్రాసెస్ ఏ ఫైళ్లను తెరిచి పట్టుకుని ఉందో ‘ప్రాక్’ అనే డైరెక్టరీలో చూడవచ్చు. అక్కడ నా స్క్రిప్టు పట్టుకున్న మొదటి ఫైలు పేరు ‘యాక్సెస్.లాగ్’ కాదు, ‘యాక్సెస్.లాగ్.1’. మూడోదాని పక్కన ‘డిలీటెడ్’ అని ఉంది. అంటే డైరెక్టరీలో లేని ఫైలు ముందు కూర్చుని, అందులో కొత్త లైను పడుతుందని అది రెండు రోజులుగా ఎదురుచూస్తోంది.

‘ఈ ఫైళ్లలో కొత్తగా ఏమైనా చేరిందా?’ అన్నది వినడానికి ఒకే ప్రశ్న. నిజానికి అందులో మూడు ఇమిడి ఉన్నాయి. నేను చదువుతున్నది ఇప్పటికీ ఆ ఫైలేనా? ఎక్కడిదాకా చదివాను? చేతికి వచ్చింది పూర్తి లైనా, సగమా? ఈ పనికి రాసే స్క్రిప్టులు మొదటి రోజు బాగా నడిచి తర్వాత మోసం చేసేది ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని అడగకపోవడం వల్లే.

‘ఫైలు చివర’ అంటే ఏమిటి

ఫైలు అంటే బైట్ల బారు. ప్రోగ్రామ్ ఒక ఫైలును తెరిస్తే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు) దానికి ఒక చిన్న సంఖ్య చేతికిస్తుంది. అదే ఫైల్ డిస్క్రిప్టర్. దాని వెనక కెర్నల్ ఇంకో సంఖ్యనూ గుర్తుంచుకుంటుంది: ఎన్నో బైటు దాకా చదవడం అయింది అన్నది. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. పుస్తకంలో చదివిన చోట పెట్టుకునే నెమలీక లాంటిది.

ఒక లాగ్‌లో 1,200 బైట్లు ఉన్నాయనుకుందాం. అంతా చదివితే ఆఫ్‌సెట్ 1,200కు చేరుతుంది. మళ్లీ చదవమంటే కెర్నల్ సున్నా బైట్లు ఇస్తుంది. చాలామంది ఇక్కడే ‘ఫైలు అయిపోయింది’ అనుకుంటారు. ఫైలు చివర అనేది ఫైలులో రాసి ఉన్న గుర్తు కాదు. ఆ క్షణానికి ఇవ్వడానికి ఇంకేమీ లేదన్న జవాబు మాత్రమే. ఈలోగా వెబ్ సర్వర్ 85 బైట్ల లైను ఒకటి చేర్చితే ఫైలు పరిమాణం 1,285 అవుతుంది. అదే డిస్క్రిప్టర్‌తో ఇంకోసారి అడిగితే ఆ 85 బైట్లూ వస్తాయి. ఫైలును మూసి మళ్లీ తెరవాల్సిన పని లేదు.

1979లో వచ్చిన యూనిక్స్ 7వ వెర్షన్ నాటికే ఉన్న ‘టెయిల్’ కమాండ్‌కు ఇప్పుడు చిన్న ‘ఎఫ్’ ఆప్షన్ ఇస్తే చేసేది మూలంలో ఇదే: చదువు, ఏమీ రాకపోతే కాసేపు ఆగు, మళ్లీ చదువు. లైనక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ టెయిల్ ఇలా అడుగుతూ పోయేటప్పుడు మామూలుగా 1 సెకను విరామం ఇస్తుంది. ఫైళ్లు ఎక్కువైతే ప్రతి ఫైలుకూ ఒక డిస్క్రిప్టర్, ఒక ఆఫ్‌సెట్ పట్టికలో పెట్టుకుని వరుసగా అడుగుతూ పోవడమే. ఒక చిన్న అడ్డంకి మాత్రం భాషల లైబ్రరీల వల్ల వస్తుంది. కొన్ని లైబ్రరీలు ఒకసారి సున్నా బైట్లు చూశాక ‘చివర వచ్చేసింది’ అని తమ దగ్గర ఒక జెండా ఎత్తి పెట్టుకుంటాయి. ఆ తర్వాత ఎంత అడిగినా కెర్నల్ దాకా వెళ్లవు. పెర్ల్ వాడేవారు ‘ఉన్న చోటి నుంచి సున్నా బైట్లు జరుగు’ అన్న వింత ఆదేశం రాసేది ఆ జెండా దించడానికే.

పేరు వేరు, ఫైలు వేరు

ఊళ్లో పొలాన్ని పెద్దాయన చేను, చింతచెట్టు చేను అని పిలుచుకుంటారు. రెవెన్యూ లెక్కల్లో మాత్రం దానికి సర్వే నంబరు ఉంటుంది. చేతులు మారితే పిలిచే పేరు మారుతుంది, సర్వే నంబరు అదే. యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఫైలు సంగతీ ఇంతే. అసలు ఫైలు ఐనోడ్. దానికి ఒక నంబరు ఉంటుంది, డేటా దానికి చెందుతుంది. పేరు అన్నది డైరెక్టరీలో ఆ నంబరు ఎదురుగా రాసుకున్న చిన్న పద్దు. డిస్క్రిప్టర్ పట్టుకునేది ఐనోడ్‌ను. తెరిచాక పేరుతో దానికి సంబంధం లేదు.

లాగ్ ఫైళ్లు పెరిగి డిస్కు నిండిపోకుండా ‘లాగ్‌రొటేట్’ అనే ప్రోగ్రామ్ వాటిని రోజుకో వారానికో మారుస్తుంటుంది. డెబియన్, ఉబుంటు సర్వర్లలో రోజూ అర్ధరాత్రి ప్రాంతంలో అది లేస్తుంది. ఎన్‌జిన్ఎక్స్ వెబ్ సర్వర్ లాగ్ విషయంలో ఆ రాత్రి జరిగేది దగ్గరి నుంచి చూద్దాం. ‘యాక్సెస్.లాగ్’ ఐనోడ్ నంబరు 4711 అనుకోండి.

ముందు లాగ్‌రొటేట్ ‘యాక్సెస్.లాగ్’ పేరును ‘యాక్సెస్.లాగ్.1’గా మారుస్తుంది. 4711 నంబరు ఐనోడ్ కదల్లేదు, దాని ఎదురుగా ఉన్న పేరే మారింది. తర్వాత ‘యాక్సెస్.లాగ్’ పేరుతో ఖాళీ ఫైలు ఒకటి పుట్టిస్తుంది. దానికి 5020 అనే ఐనోడ్ వచ్చిందనుకుందాం. ఆ తర్వాత ఎన్‌జిన్ఎక్స్‌కు ఒక సిగ్నల్ పంపుతుంది: లాగ్‌లను మళ్లీ తెరువు అని. పేరు మారడానికీ ఎన్‌జిన్ఎక్స్ ఆ సిగ్నల్ అందుకోవడానికీ మధ్య కొద్ది సమయం గడుస్తుంది. ఆ వ్యవధిలో వచ్చిన ప్రతి విన్నపమూ పాత 4711లోకే, అంటే ‘.1’ అని పేరు మారిన ఫైలులోకే వెళ్తుంది. సిగ్నల్ అందాకే రాత 5020కి మళ్లుతుంది.

ఇప్పుడు గమనించే స్క్రిప్టు వైపు నుంచి చూస్తే మూడు రకాల ప్రవర్తనలు కనిపిస్తాయి. 4711నే పట్టుకుని కూర్చునే స్క్రిప్టుకు, సిగ్నల్ అందాక, ఇక ఎప్పటికీ కొత్త బైటు రాదు. చిన్న ‘ఎఫ్’ చేసేది ఇదే, నా స్క్రిప్టుకు పట్టిన గతీ ఇదే. ‘యాక్సెస్.లాగ్’ పేరు ఎదురుగా కొత్త నంబరు కనిపించగానే 4711ను వదిలేసి 5020కి దూకే స్క్రిప్టు, సిగ్నల్ అందేలోగా పాత ఫైలులో పడిన లైన్లను పోగొట్టుకుంటుంది. కొత్త నంబరు చూశాక కూడా పాతదాన్ని కొంతసేపు పట్టుకుని, అందులో మిగిలింది తోడుకుని, ఆ తర్వాత మూసే స్క్రిప్టు ఒక్కటే అన్నీ చదువుతుంది. రోజుకు ఒక్కసారే, అదీ అరసెకను పాటే జరిగే ఈ నష్టాన్ని పట్టించుకోవాలా అంటే, ఏ లైను కోసం గమనిస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. విన్నపాల సంఖ్య లెక్కగట్టే పనికి అది లెక్కలోకి రాదు. డబ్బు చెల్లింపుల లాగ్ అయితే ఆ ఒక్క లైనే కొంప ముంచవచ్చు.

గ్నూ టెయిల్‌లో పెద్ద ‘ఎఫ్’ ఆప్షన్ పేరును అనుసరిస్తుంది: పేరు కింద ఫైలు మారితే కొత్తదాన్ని తెరుస్తుంది, ఫైలు కాసేపు లేకపోయినా వేచి ఉండి మళ్లీ ప్రయత్నిస్తుంది. లాగ్‌ల విషయంలో మనుషులకు కావలసింది దాదాపు ఎప్పుడూ ఇదే. మరి చిన్న ‘ఎఫ్’ తప్పా అంటే కాదు. పేరు మార్చినా సరే ఈ ఫైలునే చదవాలి అన్న అవసరమూ ఉంటుంది, ఉదాహరణకు డౌన్‌లోడ్ అవుతూ, పూర్తయ్యాక అసలు పేరు పొందే ఫైలు.

‘డిలీటెడ్’ సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. లాగ్‌రొటేట్ పాత లాగ్‌ను కుదించినప్పుడు కుదించిన కాపీ వేరే ఫైలుగా పుడుతుంది, అసలుది చెరిగిపోతుంది. చెరిగేది డైరెక్టరీలోని పేరు మాత్రమే. ఎవరైనా దాన్ని తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం డేటా డిస్కు మీదే ఉంటుంది, చోటూ ఖాళీ కాదు. ఫైళ్ల పరిమాణాలన్నీ కూడితే 20 జీబీ, డిస్కు మాత్రం 35 జీబీ నిండిందని చెబితే, ఆ తేడా తరచు ఇలాంటి మరచిపోయిన డిస్క్రిప్టర్ల దగ్గరే దొరుకుతుంది.

ఫైలు ఉన్నపళంగా చిన్నదైతే

సిగ్నల్ ఇచ్చి మళ్లీ తెరవమని చెప్పడానికి వీలులేని ప్రోగ్రామ్‌లు ఉంటాయి. వాటికోసం లాగ్‌రొటేట్‌లో ఇంకో పద్ధతి ఉంది: ఫైలును కాపీ చేసి, అసలు ఫైలును సున్నాకు కత్తిరించడం. పేరు మారదు, ఐనోడ్ మారదు. పేరును అనుసరించే స్క్రిప్టుకు కూడా ఏ మార్పూ కనిపించదు. కాపీ పూర్తవడానికీ కత్తిరించడానికీ మధ్య పడిన లైన్లు పోవచ్చని లాగ్‌రొటేట్ వివరణ పత్రమే హెచ్చరిస్తుంది.

దీన్ని పసిగట్టడానికి వాడుకలో ఉన్న ఉపాయం పరిమాణాన్ని ఆఫ్‌సెట్‌తో పోల్చడం. నేను 5,000వ బైటు దగ్గర ఉన్నాను, ఫైలులో 300 బైట్లే ఉన్నాయి. అంటే ఎవరో కత్తిరించారు, మొదటి నుంచి చదవాలి. ఉపాయం మంచిదే గానీ అందులో కన్నం ఉంది. సెకనుకోసారి అడిగే స్క్రిప్టు సరిగ్గా 10 గంటలకు చూసింది: పరిమాణం 5,000, ఆఫ్‌సెట్ 5,000. మరో 0.3 సెకన్లకు ఫైలు కత్తిరింపు జరిగింది. 0.9 సెకన్ల దగ్గర ఒక్కసారిగా 6,200 బైట్లు పడ్డాయి. స్క్రిప్టు మళ్లీ చూసేసరికి పరిమాణం 6,200. ఆఫ్‌సెట్ కంటే ఎక్కువే కాబట్టి 1,200 కొత్త బైట్లు చేరాయని తేల్చుకుని 5,000వ బైటు నుంచి, బహుశా ఏదో లైను నడుమ నుంచి, చదవడం మొదలుపెడుతుంది. మొదటి 5,000 బైట్లు పోయినట్టే. ఎక్కడా తప్పు సందేశం రాదు.

రాసే ప్రోగ్రామ్ వైపు నుంచి మరో వింత జరగవచ్చు. ఫైలును ‘చివర చేర్చే’ పద్ధతిలో తెరిస్తే కెర్నల్ ప్రతి రాతనూ అప్పటి చివరకే పంపుతుంది. మామూలుగా తెరిస్తే ఆ ప్రోగ్రామ్ తన ఆఫ్‌సెట్‌ను తానే మోస్తుంది. 50 ఎంబీ దగ్గర ఉండగా కింద ఫైలును సున్నాకు కత్తిరించినా, దాని తదుపరి రాత 50 ఎంబీ దగ్గరే పడుతుంది. ముందున్నదంతా బిలం, చదివితే విలువ సున్నాగా ఉన్న బైట్లే వస్తాయి. కత్తిరింపును చూసి మొదటికి వచ్చిన స్క్రిప్టుకు ఒక్క అక్షరం లేని 5 కోట్ల బైట్లు ఎదురవుతాయి.

అడుగుతూ ఉండటమా, చెప్పించుకోవడమా

ఈ అంశం మీద వాదనలు ఎక్కువ. ఒక అపోహ ముందు తీసేద్దాం. నెట్‌వర్క్ కనెక్షన్ల మీద డేటా కోసం ఎదురుచూడటానికి సెలెక్ట్, పోల్, ఈపోల్ అనే సౌకర్యాలు ఉన్నాయి. ఎన్నో కనెక్షన్లను ఒకేసారి గమనిస్తాయి కదా, ఫైళ్లనూ వాటికే అప్పగిద్దాం అనిపిస్తుంది. కుదరదు. డిస్కు మీది మామూలు ఫైలు వాటి దృష్టిలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. చివరకు చేరినా ‘చదువుకో’ అనే అంటాయి, చదివితే సున్నా బైట్లు వస్తాయి. ఈపోల్ అయితే మామూలు ఫైలును తీసుకోవడానికే ఒప్పుకోదు.

అందుకే రెండే దారులు. ఒకటి పోలింగ్: కొంత సమయానికోసారి ప్రతి ఫైలు పరిమాణాన్ని అడగడం. రెండోది మార్పు జరిగినప్పుడు కెర్నల్‌తోనే చెప్పించుకోవడం. లైనక్స్‌లో దీనికి ఐనోటిఫై ఉంది. 2005లో 2.6.13 కెర్నల్‌తో వచ్చింది. యూనిక్స్ తరహాదే అయిన ఫ్రీబీఎస్‌డీలో అంతకు ముందే, 2000లో, కేక్యూ వచ్చింది. విండోస్‌కూ మ్యాక్‌కూ తమ తమ పద్ధతులున్నాయి. గ్నూ టెయిల్ కూడా 2009 నుంచి వీలున్నచోట ఐనోటిఫైనే వాడుతోంది.

ఐనోటిఫై పక్షాన మాట్లాడేవారి వాదన తేలిగ్గా అర్థమవుతుంది. లైను పడిన మరుక్షణం తెలుస్తుంది. ఏమీ జరగనప్పుడు స్క్రిప్టు నిద్రపోతుంది. వేల ఫైళ్లలో నాలుగే కదులుతుంటే ఆ నాలుగింటి కబురే వస్తుంది. డైరెక్టరీని గమనిస్తే పేరు మార్పు, కొత్త ఫైలు పుట్టుక కూడా వేర్వేరు కబుర్లుగా అందుతాయి కాబట్టి లాగ్ మార్పిడిని (రొటేషన్‌ను) ఊహించాల్సిన అవసరం తగ్గుతుంది.

పోలింగ్ పక్షం వాదనను చాలామంది పాతకాలపు మొండితనంగా కొట్టిపారేస్తారు. అది సరికాదని నా అభిప్రాయం. ఐనోటిఫై ఇచ్చేది కాలింగ్ బెల్ మోత మాత్రమే. ఎన్ని బైట్లు చేరాయో, అసలు చేరాయో కత్తిరించారో అది చెప్పదు. ఒకే ఫైలు మీద వెంటవెంటనే వచ్చిన ఒకేలాంటి కబుర్లను కలిపి ఒకటిగా ఇస్తుంది. వంద రాతలకు ఒక్క మోత వినిపించవచ్చు. కబుర్ల వరుసకు హద్దు ఉంది, మామూలుగా 16,384. అది నిండితే ‘పొంగిపోయింది’ అన్న ఒక్క కబురు వస్తుంది, మిగతావి పోతాయి. అప్పుడు అన్ని ఫైళ్లనూ పోలింగ్ చేసినట్టే చూసుకోవాలి. ఎన్‌ఎఫ్ఎస్ (వేరే యంత్రం ఫైళ్లను నెట్‌వర్క్ మీద వాడుకునే పద్ధతి) ద్వారా తగిలించిన ఫైలులో వేరే యంత్రం రాస్తే ఐనోటిఫైకి తెలియదు. మెమరీలోకి మ్యాప్ చేసుకుని రాసిన మార్పులూ తెలియవు. ఇవి చాలావరకు పోలింగ్‌కు అడ్డు కావు.

ఖర్చు సంగతి లెక్క వేసి చూడటం మేలు. 200 ఫైళ్లను సెకనుకోసారి అడిగితే సెకనుకు 200 చిన్న విచారణలు. ఒక్కోటి మైక్రోసెకన్లలో ముగుస్తుంది. ఇప్పటి ఏ సర్వరూ దాన్ని గుర్తించదు. అదే లక్ష ఫైళ్లైతే, లేదా ప్రతి విచారణా నెట్‌వర్క్ దాటి వెళ్లాల్సి వస్తే, కథ మారిపోతుంది. ఆలస్యం సంగతీ అంతే. తెర మీద లాగ్ చూస్తున్న మనిషికి 1 సెకను ఎక్కువ కాదు. ఫెయిల్‌టుబ్యాన్ లాంటి కాపలా ప్రోగ్రామ్‌కు ఆలస్యం బరువు వేరు. అది లాగిన్ లాగ్‌లను గమనిస్తూ, మామూలు అమరికలో 10 నిమిషాల్లో 5 సార్లు విఫలమైన చిరునామాను నిషేధిస్తుంది. లాగ్‌లను ఒకచోటికి చేర్చే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్‌లో ఫైళ్లను చదివే మాడ్యూల్ పోలింగ్ పద్ధతిలో మామూలుగా 10 సెకన్ల విరామం తీసుకుంటుంది. అలాంటి వ్యవధి నడుమ ఉంటే, నిషేధం పడేలోగా దాడి చేసేవాడు ఇంకెన్నో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి ఉంటాడు.

నికరంగా నడిచే పనిముట్లు చాలావరకు రెంటినీ కలుపుకుంటాయి: కబురు వస్తే వెంటనే చదువుతాయి, రాకపోయినా అడపాదడపా ఒకసారి చూస్తాయి. ఇందులో క్రమం ఒకటి ముఖ్యం. ముందు ఫైలు చివరిదాకా చదివి, తర్వాత ఐనోటిఫైకి చెబితే, ఆ రెంటి నడుమ పడిన లైనుకు కబురు రాదు. తర్వాతి లైను పడేదాకా, అది ఎంతసేపైనా కావచ్చు, అక్కడే ఉండిపోతుంది. ముందు గమనించమని చెప్పి, ఆ తర్వాత చదివితే ఆ సందు మూసుకుపోతుంది.

సగం లైను, సగం అక్షరం

చదివే ప్రోగ్రామ్‌కు అందేది బైట్లు. లైను అన్నది మనం వాటిలో చూసుకునే అర్థం. రాసేవారు ‘చెల్లింపు విఫలమైంది’ అన్న లైనును రెండు విడతలుగా రాస్తే, నడుమ మనం చదివితే ‘చెల్లింపు విఫ’ అని ముక్క చేతికి వస్తుంది. పైథాన్‌లో లైను చదివే ఆదేశం కూడా అప్పటికి ఉన్న ముక్కనే ఇచ్చేస్తుంది. చివర కొత్త లైను గుర్తు లేకపోవడమే మనకు ఆధారం. అది లేని ముక్కను ఆ ఫైలు పేరిట విడిగా దాచి, తర్వాత వచ్చినదానికి ముందు అతికించాలి. ఆ ముక్కలను దాచుకునే అర ఒక్కో ఫైలుకూ విడిగా ఉండాలన్నది ఎన్నో ఫైళ్లను గమనించే స్క్రిప్టుల్లో తరచు మరచిపోయే సంగతి. ఒకే అర ఉంటే ఒక ఫైలు లైను తల, ఇంకో ఫైలు లైను మొండెం కలిసిపోతాయి.

తెలుగులో రాసే లాగ్‌లకు ఇంకో మెలిక ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు లిపిలోని ప్రతి సంకేతమూ 3 బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు. ఇప్పుడు ఖాళీలు కూడా లేకుండా అంతా తెలుగే ఉన్న ఫైలు నుంచి 4,096 బైట్లు ఒక విడతగా చదివామనుకోండి. 1,365 సంకేతాలకు 4,095 బైట్లు సరిపోతాయి. 1,366వ సంకేతం మొదటి బైటు ఈ విడతలో, మిగతా రెండూ తర్వాతి విడతలో వస్తాయి. విడతను విడతగా అక్షరాల్లోకి మార్చే స్క్రిప్టు ఆ చోట తప్పు చూపి ఆగిపోతుంది, లేదా ప్రశ్నార్థకపు డైమండ్ గుర్తులు చిమ్ముతుంది. ఇంగ్లీషు లాగ్‌లతో ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్‌లో తెలుగు పేరు పడిన రోజున ఈ దోషం బయటపడుతుంది.

దీనికి పరిష్కారం యూటీఎఫ్-8 అమరికలోనే ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని రూపొందించిన తీరులో, కొత్త లైను గుర్తుకు వాడే బైటు ఏ బహుబైట్ల అక్షరం నడుమా కనిపించదు. అందుచేత బైట్లుగానే ఉంచి, కొత్త లైను గుర్తు దగ్గర కోసి, పూర్తయిన లైనును మాత్రమే అక్షరాల్లోకి మార్చితే ఏ అక్షరమూ తెగదు.

ముక్కలకు కారణం తరచు రాసే ప్రోగ్రామ్ బఫరే, అంటే రాయబోయేదాన్ని అది కాసేపు దాచుకునే మెమరీ. తెర మీదకు రాసేటప్పుడు లైనుకోసారి పంపే ప్రోగ్రామ్, ఫైలులోకో, ఇంకో ప్రోగ్రామ్‌కు అందించే పైపులోకో రాసేటప్పుడు బఫరు నిండేదాకా, ఉదాహరణకు 4,096 బైట్ల దాకా, దాచుకుంటుంది. ‘టెయిల్’ ఇచ్చినదాన్ని ‘గ్రెప్’ వడకట్టి, దాన్ని స్క్రిప్టు చదివే గొలుసులో సందేశాలు గంటలు ఆలస్యంగా గుంపుగా వచ్చి పడితే, నేరం ‘టెయిల్’ది కాకపోవచ్చు. నడుమ ఉన్న ‘గ్రెప్’ తన బఫరు నిండాలని చూస్తూ ఉంటుంది. లైనుకోసారి వదలమని చెప్పే ఆప్షన్ అందులో ఉన్నది ఇందుకే.

ఫైళ్లు ఎక్కువైతే వరుస ఎవరిది

రెండు ఫైళ్లను ఒకేసారి ఇస్తే ‘టెయిల్’ రెంటినీ చూపుతుంది. ఏ ఫైలు నుంచి వస్తోందో చెప్పే శీర్షిక లైనును మాత్రం ఫైలు మారినప్పుడే వేస్తుంది. అంటే దాన్ని చదివే స్క్రిప్టు ఇటీవలి శీర్షిక ఏదో గుర్తుంచుకుంటూ పోవాలి. శీర్షికలు వద్దని ఆపేస్తే ఏ లైను ఎవరిదో తెలుసుకునే దారే ఉండదు. కమాండ్లు నడిపే షెల్ అయిన బ్యాష్‌లో ఇంకొక చిక్కు: పైపు చివర పెట్టిన లూప్ మామూలుగా వేరే ఉపషెల్‌లో, అంటే విడి ప్రాసెస్‌లో, నడుస్తుంది కాబట్టి, అందులో పెంచిన లెక్కలు బయటకు రావు.

ఇంతకంటే లోతైనది వరుసక్రమం. తప్పుల లాగ్‌లో 10:15:02 అని ఉన్న లైను, అప్లికేషన్ లాగ్‌లో 10:15:01 అని ఉన్న లైను కంటే ముందు మనకు అందవచ్చు. ఏ ఫైలును ముందు అడిగాం, ఎవరి బఫరు ముందు ఖాళీ అయింది అన్నవే ఆ వరుసను నిర్ణయిస్తాయి. అందిన వరుసను జరిగిన వరుస అనుకుంటే ఫలితాన్ని కారణంగా పొరబడతాం. సమయాలను బట్టి పేర్చాలంటే కొంత ఆగాలి. ఎంతసేపు ఆగితే సరిపోతుందన్నదానికి కచ్చితమైన జవాబు లేదు. రెండు సెకన్లు ఆగితే రెండున్నర సెకన్లు ఆలస్యమైన లైను తప్పిపోతుంది. పది సెకన్లు ఆగితే హెచ్చరికలన్నీ పది సెకన్లు వెనకపడతాయి.

వాచాలమైన ఫైలు ఒకటి ఉంటే అది మిగతావాటి నోరు నొక్కేస్తుంది. ‘చివర వచ్చేదాకా చదివి తర్వాతి ఫైలుకు పోదాం’ అన్న నియమం పెట్టుకుంటే, ఎడతెగకుండా పెరిగే ఫైలుకు చివర రాదు. అందుకని ఒక్కో వంతుకు ఇన్ని బైట్లే అన్న హద్దు అవసరమవుతుంది. ఒక ప్రాసెస్ తెరవగల ఫైళ్లకూ హద్దు ఉంది. చాలా లైనక్స్ వ్యవస్థల్లో అది 1,024తో మొదలవుతుంది. రోజుకో కొత్త పేరుతో లాగ్ పుట్టే చోట పాతవాటిని మూయకపోతే ఈ హద్దు ఎప్పటికైనా తగులుతుంది.

స్క్రిప్టు పడి లేచాక

స్క్రిప్టు రాత్రి ఆగిపోయి పొద్దున మళ్లీ మొదలైతే ఎక్కడి నుంచి చదవాలి? ఫైలు చివర నుంచి అంటే రాత్రి లైన్లు పోతాయి. మొదటి నుంచి అంటే నిన్నటి హెచ్చరికలన్నీ మళ్లీ వస్తాయి. కాబట్టి నెమలీకను డిస్కు మీద పెట్టుకోవాలి. ఫ్లుయెంట్‌డీ, ఫైల్‌బీట్ లాంటి లాగ్ సేకరణ పనిముట్లు ఫైలు గుర్తింపునూ ఆఫ్‌సెట్‌నూ అలాగే రాసి పెట్టుకుంటాయి. అందులో రాయాల్సింది చదివిన బైట్ల సంఖ్య కాదు, చివరి పూర్తి లైను ముగిసిన చోటు. లేకపోతే అరలో దాచిన సగం లైను స్క్రిప్టుతోపాటే పోతుంది.

రాసే వేళ ఎప్పుడన్నదీ తేల్చుకోవాలి. 40 లైన్లు చదివాం, ఒక్కోదానికి సందేశం పంపాలి. ఆఫ్‌సెట్ ముందు రాసి సందేశాలు తర్వాత పంపితే, 12వ సందేశం దగ్గర కరెంటు పోయినప్పుడు మిగతా 28 ఎప్పటికీ వెళ్లవు. సందేశాలు ముందు పంపి ఆఫ్‌సెట్ తర్వాత రాస్తే, లేచాక ఆ 12 రెండోసారి వెళ్తాయి. హెచ్చరికల విషయంలో రెండుసార్లు రావడమే నయమని ఎక్కువమంది అంటారు, నేనూ అందుకే మొగ్గుతాను. డబ్బు లెక్కల్లో అదే ప్రమాదం. ఫలితం కూడా డేటాబేసులోకే వెళ్లే పనైతే, ఫలితాన్నీ ఆఫ్‌సెట్‌నూ ఒకే లావాదేవీలో (పడితే రెండూ పడేలా, లేకపోతే రెండూ పడకుండా) రాస్తే రెండు ప్రమాదాలూ తప్పుతాయి. బయటి ఫోనుకు పోయే సందేశానికి ఆ సదుపాయం లేదు.

సర్వే నంబరు పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఫైలు చెరిగి, దాన్ని పట్టుకున్నవారెవరూ లేకపోతే, దాని ఐనోడ్ నంబరు కొత్త ఫైలుకు దక్కవచ్చు. ఎవరో వదిలేసిన మొబైల్ నంబరు కొన్నాళ్లకు మనకు వచ్చి, వాళ్ల ఫోన్లు మనకు రావడం లాంటిది. స్క్రిప్టు ఆగి ఉన్న రాత్రి 4711 చెరిగి, పొద్దుటి కొత్త లాగ్‌కు 4711 వచ్చిందనుకోండి. ‘4711లో 90,000 బైట్లు చదివాను’ అన్న పద్దును నమ్మి కొత్త ఫైలులో మొదటి 90,000 బైట్లను దాటేస్తుంది. అందుకే నంబరు ఒక్కదాన్నే నమ్మకుండా ఫైలు మొదటి భాగానికి వేలిముద్ర తీసే పద్ధతి వచ్చింది. ఫైల్‌బీట్‌లో ఆ వేలిముద్రకు మామూలుగా మొదటి 1,024 బైట్లు వాడతారు. ఫైలు అంత పెరిగేదాకా దాన్ని గుర్తుపట్టలేరన్నది దానికి చెల్లించే మూల్యం. రోజుకు నాలుగు లైన్లే పడే చిన్న లాగ్‌కు ఆ ఎదురుచూపు చాలాసేపు ఉండవచ్చు.

నా స్క్రిప్టును ఆ తర్వాత తిరగరాశాను. పేరు కింద నంబరు మారితే పాతదాన్ని పూర్తిగా తోడుకుని కొత్తదానికి వెళ్తుంది, పరిమాణం తగ్గితే మొదటికి వస్తుంది. మరొకటి కూడా చేర్చాను: గంటసేపు ఏ ఫైలులోనూ ఒక్క బైటూ చేరకపోతే, ‘గంటగా ఏమీ రాలేదు’ అని ఆ మాటే నా ఫోనుకు పంపుతుంది.